గేటు తీసే కోర్సే మన కోర్సు

నెల్లూరు వాళ్లయినా ఒంగోలు వాళ్లయినా 18 హోల్స్ గోల్ఫ్, అంటే పద్దెనిమిది గుంతల పూర్తి ఆట, ఆడాలంటే ఊరు దాటాల్సిందే. నెల్లూరుకు దగ్గరి మహానగరం చెన్నై, దాదాపు 175 కిలోమీటర్లు. బెంగళూరు అంతకు రెట్టింపు పైనే. హైదరాబాదు ఇంకా దూరం. ఒంగోలు నుంచి మాత్రం చెన్నై, హైదరాబాదు రెండూ ఇంచుమించు ఒకే దూరం. అంటే మన రెండు జిల్లాల వాళ్లకు గోల్ఫ్ ముందు ప్రయాణం, ఆ తర్వాతే ఆట. ఈ లెక్క వేసుకోకుండా కోర్సు (ఆడే మైదానం) ఎంచుకుంటే డబ్బూ పోతుంది, ఆదివారమూ పోతుంది.

కొత్తగా మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ముందు అడిగేది “ఏ కోర్సు బెస్టు?” అని. ఇంటర్నెట్‌లో కనబడే టాప్ టెన్ జాబితాలు చెప్పేదీ అదే. ఆ జాబితాలోని కోర్సుల్లో చాలావాటి గేటు దగ్గర మనల్ని ఆపి “మీ మెంబర్ ఎవరండీ?” అంటారు. అందుకని అడగాల్సిన ప్రశ్న ఇది: నాకు వీలున్న రోజున, నాకు వీలున్న గంటకి, ఏ కోర్సు నన్ను లోపలికి రానిస్తుంది? దీనికి జవాబు దొరికాక గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కోసిన గడ్డి) ఎట్లుంది, ఇసక ఎట్లుంది అని చూసుకోవచ్చు.

పబ్లిక్ కోర్సు అనే మాటతోనే సగం తికమక. అమెరికాలో మున్సిపాలిటీలు నడిపే కోర్సులుంటాయి. డబ్బు కట్టి, పేరు రాసి, ఆడి వస్తారు. మన దేశంలో ఆట వచ్చింది క్లబ్బుల దారిలో. బెంగళూరు గోల్ఫ్ క్లబ్ పెట్టింది 1876లో, విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884లో. అవి మెంబర్ల కోసం పుట్టినవి, తలుపులూ మెంబర్లకే పెట్టుకున్నవి. దేశంలో మొదటి పబ్లిక్ గోల్ఫ్ కోర్సుగా చెప్పుకునేది ఢిల్లీ లాడో సరాయ్‌లోని కుతుబ్ గోల్ఫ్ కోర్సు. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ దాన్ని 2000లో తెరిచింది. అదే సంస్థకు భల్‌స్వా చెరువు పక్కన 9 హోల్స్ కోర్సు కూడా ఉంది. ఢిల్లీ పని మీద జీటీ ఎక్కేవాళ్లు సంచిలో ఒక జత షూస్ పడేసుకుంటే నష్టమేమీ లేదు. దక్షిణాదిలో ప్రభుత్వమే నడిపి అందరికీ తలుపు తీసే పద్ధతి పెద్దగా అలవాటు కాలేదు.

కాబట్టి మనకు పబ్లిక్ అంటే లోపలికి వెళ్లే దారి ఏదో ఒకటి ఉండడం. కౌంటర్‌లో గ్రీన్ ఫీజు, అంటే ఆట రుసుము, కట్టించుకుని ఆడనిచ్చేవి కొన్ని. మెంబరు వెంటబెట్టుకుని వెళితేనే గెస్టుగా రానిచ్చేవి ఎక్కువ. మీరు ఇప్పటికే ఏదైనా టౌన్ క్లబ్బులో మెంబరైతే, ఆ క్లబ్బుకు అవతలి నగరంలో ఎవరితో ఒప్పందం ఉందో మీ సెక్రటరీని అడగండి. ఇరవై ఏళ్లుగా పేకాటకే వాడిన మెంబర్‌షిప్పు కార్డు వేరే ఊళ్లో గోల్ఫ్ కోర్సు తలుపు తీసిన సందర్భాలు లేకపోలేదు. నాలుగో దారి రిసార్టు: గది తీసుకుంటే ఆట కూడా దొరుకుతుంది, ఖర్చు మాత్రం పెళ్లి భోజనమంత. సైన్యం చేతిలోని కోర్సుల సంగతి వేరు, సర్వీసు వాళ్ల ద్వారా తప్ప దారి ఉండదు.

ఇక ఏ నగరం అన్నది కాలాన్ని బట్టి తేలుతుంది. దీనికి మన కిటికీలోంచి చూస్తే చాలు. చెన్నైకీ మనకీ వాన ఒకటే, ఈశాన్య రుతుపవనం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే మైపాడులో అలలు లేచిన రోజునే చెన్నై నందనంలో ఫెయిర్‌వేలు (బంతి కొట్టుకుంటూ పోయే గడ్డి దారులు) మునుగుతాయి. ఆ మూడు నెలలు చెన్నై వైపు టికెట్ తీసుకోవడం జూదమే. అప్పటికి హైదరాబాదులో వానలు వెనక్కి తగ్గి, నేల ఆరి, పొద్దున చలిగా ఉంటుంది. గోల్కొండ కోట నయా ఖిల్లా గోడల నడుమ ఉన్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ కోర్సుకు అది మంచి కాలం. హతియాన్ చెట్టని పిలిచే పెద్ద బావొబాబు చెట్టు ఉన్నది అక్కడే. బండరాళ్ల నేల గనక గురి తప్పిన బంతి రాయికి తగిలి ఎటు ఎగురుతుందో చెప్పలేం. కొత్త బంతులు తీసుకెళ్లి బాధపడే కంటే పాతవి డజను పట్టుకెళ్లడం నయం. గచ్చిబౌలిలోని బౌల్డర్ హిల్స్ కోర్సుకు పేరే రాళ్ల మీద పడింది, ఇంక చెప్పేదేముంది.

చెన్నైకి జనవరి నుంచి మార్చి సగం దాకా బాగుంటుంది. రోహిణి కార్తెలో ఆడాలనే పంతం ఉంటే బెంగళూరు పోవాలి. సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, గాలి పలచన. నెల్లూరు వాళ్లకు 7 ఐరన్ అనే క్లబ్‌తో (బంతి కొట్టే కర్రనూ క్లబ్ అనే అంటారు) పోయే దూరం అక్కడ ఇంకొంచెం ఎక్కువే పోతుంది, గ్రీన్ దాటి వెనక పడే బంతులు అందుకే. అక్కడ మేలో సాయంత్రం ఉరుముల వాన అలవాటు గనక పొద్దుటి టీ టైమే (ఆట మొదలుపెట్టే వేళ) తీసుకోవాలి.

చెన్నైలో రెండు పేర్లు వినబడతాయి. నందనంలో, అణ్ణా సాలై పక్కనే, కాస్మోపాలిటన్ క్లబ్, తమిళనాడు గోల్ఫ్ ఫెడరేషన్‌ల పేర్లతో కాస్మో-టీఎన్‌జీఎఫ్ అని పిలిచే కోర్సు ఒకటి. గిండీలో గుర్రప్పందేల ట్రాక్ లోపలే ఉన్న మద్రాస్ జింఖానా వాళ్ల కోర్సు ఇంకొకటి. ఆ ట్రాక్ నడిపే మద్రాస్ రేస్ క్లబ్ లీజును తమిళనాడు ప్రభుత్వం 2024 సెప్టెంబరులో రద్దు చేసింది, వ్యవహారం కోర్టుకెక్కింది. అక్కడ ఆడొచ్చని పాత వెబ్‌సైటులోనో ఎవరి మాటలోనో విని బయల్దేరకుండా, ఆ వారంలో పరిస్థితి ఏంటో ఫోన్ చేసి కనుక్కోండి.

గంట సంగతి కొందరు పట్టించుకోరు, మన జిల్లా వాళ్లు చెడేది అక్కడే. గోల్ఫ్ అంటే తెల్లారుజామున ఆడాలని ఎవరో చెబుతారు. ఆరు గంటల టీ టైముకి చెన్నైలో ఉండాలంటే నెల్లూరులో రాత్రి రెండింటికే కారు తీయాలి. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటుకుంటూ లారీల మధ్య మూడున్నర గంటలు నడిపినవాడి నడుము మొదటి టీ మీద, అంటే తొలి దెబ్బ కొట్టే చోట, తిరగదు. మొదటి నాలుగు హోల్స్ నిద్రలో పోతాయి, చివరి నాలుగు ఎండలో పోతాయి. పోగా మిగిలింది పది.

అందుకే దూరం నుంచి వచ్చేవాళ్లకు మధ్యాహ్నం 9 హోల్స్ మేలు. పొద్దున రైలెక్కి, దిగి, భోంచేసి, రెండింటికల్లా డ్రైవింగ్ రేంజ్‌లో (బంతులు కొట్టి సాధన చేసే చోటు) ఒక బకెట్ బంతులు కొట్టుకుని, మూడింటికి టీ మీదికి వెళ్తే రెండుంబావు గంటల్లో తొమ్మిది హోల్స్ అవుతాయి. పగలు తక్కువగా ఉండే కాలంలో చెన్నైలో ఆరు కాకముందే పొద్దుగూకుతుంది, కాబట్టి మూడున్నర తర్వాత ఎక్కితే చివరి గ్రీన్‌లో హోల్ కనబడదు. మధ్యాహ్నం ఫీజు తక్కువ పెట్టే చోట్లుంటాయి, అడగాలి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలవుతుంది. తూర్పుకు ఎదురు కొట్టే హోల్స్‌లో ఒక క్లబ్ పెద్దది తీసుకోవాలి. ఈ సలహాకు ఒక మినహాయింపు: జులై నుంచి సెప్టెంబరు దాకా చెన్నైలో సాయంత్రం పిడుగులతో వానలు పడుతుంటాయి. చేతిలో ఇనుప కర్ర, చుట్టూ మైదానం. ఆ నెలల్లో పొద్దుటి ఆటే, అవసరమైతే ముందురోజు వెళ్లి ఉండాలి.

ఆదివారం సంగతీ తెలియాలి. చాలా క్లబ్బుల్లో ఆదివారం పొద్దున మెంబర్ల పోటీలుంటాయి. షాట్‌గన్ స్టార్ట్ పెడితే అన్ని హోల్స్ నుంచీ ఒకేసారి మొదలెడతారు, ఆ నాలుగైదు గంటలూ బయటివాళ్లకు చోటుండదు. వారంలో ఒకరోజు, చాలా చోట్ల సోమవారం, గడ్డి పనుల కోసం మూస్తారు. మంగళ, బుధ, గురువారాలు మనవి.

లోపలికి వెళ్లాక ఎక్కడినుంచి కొడతారన్నది కోర్సు ఎంపికలో సగం. నీలం, తెలుపు, ఎరుపు గుర్తులుంటాయి. ఎరుపు ఆడవాళ్లది అనే మాట మన వాళ్లలో గట్టిగా నాటుకుపోయింది. అదేం కాదు, అవి దూరాలు, అంతే. డ్రైవర్ అనే, అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్‌తో 200 గజాలు కొట్టేవాళ్లకు మొత్తం 5,200 నుంచి 5,400 గజాల కోర్సు సరిపోతుంది. 225 గజాలు కొడితే 5,800 నుంచి 6,000. వెనక టీలనుంచి 7,000 గజాలుండే కోర్సులో 420 గజాల పార్ 4 (నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన హోల్) ఒకటి తీసుకోండి. 180 గజాల డ్రైవ్, రెండో దెబ్బ 150, ఇంకా 90 మిగిలింది. ఏ తప్పూ చేయకుండా మూడో దెబ్బకి గ్రీన్, రెండు పుట్‌లు (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బలు), మొత్తం ఐదు. తప్పు చేస్తే ఏడు. అదే లెక్క పద్దెనిమిది సార్లు. వెనక వచ్చే నలుగురు నడుము మీద చేతులేసుకుని చూస్తుంటారు. మగాడి పరువు ఎరుపు టీ దగ్గర పోదు, వెనక గుంపును ఆపినప్పుడు పోతుంది.

స్లోప్ అని స్కోరు కార్డు మీద ఒక అంకె ఉంటుంది, ఆ టీ నుంచి కోర్సు మామూలు ఆటగాళ్లకు ఎంత కష్టమో చెప్పేది. 55 నుంచి 155 దాకా ఉండొచ్చు, 113 ప్రామాణికం. మీ ఆట స్థాయిని చెప్పే హ్యాండిక్యాప్ ఇండెక్స్‌ను స్లోప్‌తో గుణించి 113తో భాగించి, కోర్సు రేటింగ్‌లోంచి (బాగా ఆడేవాళ్లకు అక్కడ పడే దెబ్బలు) పార్ తీసేసి వచ్చింది కలుపుతారు, అదే ఆ కోర్సులో మీకు దొరికే అదనపు దెబ్బల లెక్క. ఇండెక్స్ 24, స్లోప్ 130, రేటింగ్ 71, పార్ 72 అనుకుంటే వచ్చేది 26.6, అంటే 27. అదే ఆటగాడికి స్లోప్ 113 ఉన్న చోట, మిగతావి అవే అయితే, 23. ఇది కొత్తవాళ్లకు పనికొచ్చేది ఒక్క విషయంలో: 130 దాటిన టీ నుంచి మొదటి ఏడాది ఆడకండి. హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ అడిగే కోర్సులుంటాయి, అది లేనివాళ్లు రేంజ్ దాకానే వెళ్లగలరు. ఫోన్‌లో ఇది తప్పక అడగాలి.

ఇప్పుడు గ్రీన్. వరి పండించే జిల్లా వాళ్లకు గ్రీన్ అర్థం చేయించడం తేలిక, దాన్ని తిరగేసిన మాగాణి అనుకుంటే సరి. మనం దమ్ము చేసి, మట్టిని బురద చేసి, కింద గట్టి పొర కట్టించి నీళ్లు నిలబెడతాం. గ్రీన్ కట్టేవాళ్లు నీళ్లు నిలవకుండా ఉండడానికే ఖర్చు పెడతారు. మంచి పద్ధతిలో కట్టిన గ్రీన్ కింద పైపులు, వాటిపైన 10 సెంటీమీటర్ల కంకర, దానిమీద 30 సెంటీమీటర్ల ఇసక ఎక్కువగా ఉన్న మిశ్రమం ఉంటాయి. పైన గడ్డిని 3, 4 మిల్లీమీటర్లకు కోస్తారు. అరచెయ్యి పెడితే మొక్క కాదు, చాప తగిలినట్టుంటుంది. పాతకాలపు గ్రీన్‌లు ఉన్న మట్టినే పైకి లేపి కట్టినవి. వాన పడితే అవి ఆరవు. తేడా తెలియాలంటే వాన పడ్డ మర్నాడు గ్రీన్ అంచున ఒక కాలి మీద బరువేసి నిలబడండి. షూ చుట్టూ నీళ్లు ఊరితే అది మట్టి గ్రీన్, ఆ రోజు బంతి దొర్లదు.

మన తీరంలో ఎక్కువగా ఉండేది బెర్ముడా జాతి గడ్డి. నీళ్లలో ఉప్పు ఉన్నచోట పాస్పాలం వేస్తారు, చౌడుకు తట్టుకుంటుంది. బెర్ముడాకు వాలు ఉంటుంది, అంటే పరక ఒకవైపు పడుకుని పెరుగుతుంది. బంతి వెనక వంగి చూస్తే గడ్డి మెరిసినట్టు కనబడితే పరక మీ నుంచి అటు పడుకుంది, బంతి వేగంగా పోతుంది. మసకగా ఉంటే మీకు ఎదురు. అనుమానం ఉంటే హోల్ అంచు చూడండి. హోల్ 108 మిల్లీమీటర్ల వెడల్పు. పొద్దున బ్లేడుతో కోసినట్టున్న అంచు మధ్యాహ్నానికి ఒకవైపు చిరిగి, ఎండి, పీచుగా కనబడుతుంది. పరక పడుకునేది ఆ వైపుకే. క్యాడీలు, అంటే సంచి మోసి సలహా ఇచ్చేవాళ్లు, దీన్ని చూపు ఆనించీ ఆనించకుండానే చదివేస్తారు. అందుకే తెలియని కోర్సులో బగ్గీకి (కోర్సులో తిరిగే చిన్న బండి) పెట్టే డబ్బు క్యాడీకి పెట్టడం తెలివి. నలుగురు కలిసి వెళ్లినప్పుడు బంతి ఎక్కడ పడిందో చూసే ఫోర్ క్యాడీ ఒకరున్నా చాలు. 2019 నుంచి బంతి వెతకడానికి ఇచ్చే గడువు 3 నిమిషాలే.

ఏడాదిలో ఒకటి రెండుసార్లు గ్రీన్‌లకు చిన్న చిన్న గుంతలు పొడిచి, మట్టి దిమ్మలు లాగేసి, ఇసక చల్లుతారు. గాలి ఆడడానికి, నీళ్లు దిగడానికి. ఆ తర్వాత రెండు మూడు వారాలు బంతి ఎగురుకుంటూ పోతుంది. ఫీజు మాత్రం తగ్గదు. ఫోన్‌లో “గ్రీన్‌లు కోరింగ్ చేశారా, ఎన్ని రోజులైంది?” అని అడిగితే అవతలివాళ్లు మీరు కొత్త కాదనుకుంటారు, నిజమూ చెబుతారు.

బంకర్ అంటే కోర్సులో అడ్డంగా పెట్టే ఇసక గుంత, ఆ ఇసక గురించి మనకు చెప్పే హక్కుంది. గూడూరు దగ్గర కోట, చిల్లకూరు మండలాల తెల్ల సిలికా ఇసక తెలియనివాళ్లు లేరు. బంకర్‌కు కావాల్సింది ఆ రకం, సిలికా ఎక్కువ ఉండి, బంకమట్టి లేనిది. రేణువు కొంచెం కోణాలతో ఉంటే ఒకదానికొకటి పట్టుకుని బంతిని పైన నిలుపుతుంది. గుండ్రటి రేణువైతే బంతి దిగబడి, గుడ్డు అట్టు మధ్యలో పచ్చసొనలా కూర్చుంటుంది. సముద్రపు ఒడ్డు ఇసక అలలకు అరిగి గుండ్రమైంది, పైగా ఉప్పు. 10 నుంచి 12 సెంటీమీటర్ల లోతు ఉంటే సరి. చేత్తోనో క్లబ్‌తోనో ఇసకను పరీక్షించడం నిబంధనలకు విరుద్ధం. నిలబడేటప్పుడు కాళ్లు దిగేసుకోవచ్చు, అదే పరీక్ష. మడమ వెంటనే గట్టి నేలకు తగిలిందంటే సాండ్ వెడ్జ్ (ఇసకలోంచి బంతి తీసే క్లబ్) అడుగు ఆ నేలకు కొట్టుకుని పైకి ఎగిరి బంతి నడుముకు తగులుతుంది, అది గ్రీన్ దాటి అవతలి బంకర్‌లో పడుతుంది. అట్లాంటిచోట క్లబ్ ముఖాన్ని అంతగా తెరవకుండా పిచింగ్ వెడ్జ్‌తో తీయడం మంచిది.

ఖర్చు అడిగేటప్పుడు గ్రీన్ ఫీజు ఒక్కటే అడిగితే మోసపోయినట్టే. క్యాడీ, క్లబ్బుల అద్దె, రేంజ్ బంతులు, బగ్గీ, గెస్టుకు పైన వేసే మొత్తం, పన్ను, వారాంతం రేటు, ఇవన్నీ కలిపి “ఒక మనిషికి 9 హోల్స్‌కి గేటు దాటి బయటికొచ్చేలోపు ఎంతవుతుంది?” అని అడగాలి. నిబంధనలు 14 క్లబ్బుల దాకా ఒప్పుకుంటాయి. కొత్తవాళ్లకు ఒక హైబ్రిడ్, 7, 9 ఐరన్‌లు, సాండ్ వెడ్జ్, పుట్టర్ చాలు. ఎడమచేతివాటం వాళ్లు అద్దె సెట్టు ఉందో లేదో ముందే కనుక్కోండి, చాలాచోట్ల ఉండదు. కాలరున్న చొక్కా, జీన్స్ కాని ప్యాంటు. లుంగీ గురించి అడగొద్దు.

మన ఊళ్లలో వెంచర్ల బ్రోచర్లలో గోల్ఫ్ కోర్సు అని పచ్చటి బొమ్మ వేస్తుంటారు. 18 హోల్స్‌కి మామూలుగా 100 ఎకరాల పైనే కావాలి. 30 ఎకరాల వెంచర్‌లో ప్లాట్లు, రోడ్లు, గుడి పోగా వచ్చేది పుట్టింగ్ గ్రీన్ ఒకటి, అదీ ప్లాస్టిక్ గడ్డిది. దాన్ని చూసి ప్లాటు కొనేవాళ్లు ఆ డబ్బులో వెయ్యో వంతు పెట్టి ముందు ఒకసారి చెన్నైలో బకెట్ బంతులు కొట్టి చూస్తే బాగుంటుంది.

మొదటి ప్రయాణానికి ఫిబ్రవరిలో ఒక బుధవారం పెట్టుకోండి. వారం ముందు ఫోన్ చేసి గెస్టు నియమం, సర్టిఫికెట్, కోరింగ్, మొత్తం ఖర్చు అడిగి, మాట్లాడినవాళ్ల పేరు రాసుకోండి. వానాకాలంలో వెళ్లాల్సి వస్తే బయల్దేరే రోజు పొద్దున ఇంకో ఫోన్ చేసి ఒకటే అడగండి: బగ్గీలు ఫెయిర్‌వే మీదికి రానిస్తున్నారా? రానిస్తుంటే నేల ఆరినట్టు. సిమెంటు దారి మీదే నడపాలంటున్నారంటే లోపల బంతి పడ్డచోటే దిగబడుతోంది. గుంతలో కూరుకున్న బంతిని శిక్ష లేకుండా తీసి పక్కన వదలొచ్చని నిబంధన ఉంది గానీ, పద్దెనిమిది సార్లు అదే పని చేయడానికి 175 కిలోమీటర్లు పోనక్కర్లేదు. టికెట్ రద్దు చేసుకుంటే పోయేది కొంతే.